క్లాప్టన్ పోగొట్టుకున్న 'బీనో' లెస్ పాల్: దొరికితే ఇదేనని తేల్చేదెలా?

#1 | ఆరుతీగలు

పాత థ్రెడ్ అంతా అభిమానుల గొడవతో నిండిపోయింది, అందుకే ఇది విడిగా మొదలుపెడుతున్నా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1965లో లండన్ చేరింగ్ క్రాస్ రోడ్డులోని ఒక షాపులో సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్, గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ స్టాండర్డ్ కొన్నాడు. 1966లో వెస్ట్ హాంప్‌స్టెడ్ డెక్కా స్టూడియోలో జాన్ మేయాల్ బ్యాండ్ బ్లూస్‌బ్రేకర్స్ ఆల్బమ్‌కి వాయించింది దానిమీదే. అట్టమీద క్లాప్టన్ 'బీనో' అనే పిల్లల కామిక్ పుస్తకం చదువుతూ ఉంటాడు కాబట్టి ఆల్బమ్‌కీ, గిటార్‌కీ అదే ముద్దుపేరు స్థిరపడింది. ఆల్బమ్ జులై 22న బయటికొచ్చింది. ఆ వేసవిలోనే, కొత్త బ్యాండ్ క్రీమ్ రిహార్సల్స్ చేసుకుంటున్న హాల్లోంచి గిటార్ ఎవరో ఎత్తుకుపోయారు. మళ్లీ జనం ముందుకు రాలేదు.

2016లో అమెరికన్ గిటారిస్టు జో బొనమాస్సా ఒక ఇంటర్వ్యూలో, అది ఇంకా ఉందనీ, అమెరికా తూర్పు తీరంలో ఒకరి కలెక్షన్‌లో ఉందనీ చెప్పి అక్కడితో ఆపేశాడు.

ఎవరి దగ్గరుంది అన్నది నా ప్రశ్న కాదు. రేపు ఒకాయన సన్‌బరస్ట్ (నడుమ పసుపు, అంచుల్లో ఎరుపు రంగు) లెస్ పాల్ ఒకటి పట్టుకొచ్చి "ఇదే అది" అంటే దేన్ని చూసి ఔననాలి, దేన్ని చూసి కాదనాలి? సీరియల్ నంబరు చేతిలో లేదనుకుని చెప్పండి.

#2 | పాతసరుకు

ముందు గడ్డివాము ఎంతుందో చూసుకుంటే సూది సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. గిబ్సన్ రవాణా లెక్కల ప్రకారం 1959లో పంపిన లెస్ పాల్ స్టాండర్డ్‌లు 643, 1960లో 635. ఈ రెండేళ్లవే పన్నెండు వందల పైచిలుకు. కనక "ఇది అసలు బరస్టే" (ఆ కాలపు సన్‌బరస్ట్ లెస్ పాలే) అని రుజువైనంత మాత్రాన పెద్దగా ఒరిగేదేమీ లేదు. అది మొదటి మెట్టు మాత్రమే.

ఏడాది చూసుకోవడానికి గుర్తులు ఇవి:

నెక్ మందం. 1959వి చేతికి నిండుగా ఉంటాయి. 1960లో సన్నబడ్డాయి.
నాబ్‌లు. 1960 మధ్య నుంచి పైన వెండిరంగు రేకు ఉన్న 'రిఫ్లెక్టర్' నాబ్‌లు వచ్చాయి. కాకపోతే నాబ్ చేత్తో లాగితే ఊడొస్తుంది, దానికి సాక్ష్యం విలువ సున్నా.
ట్యూనర్ (తీగ బిగించే మర) గుండీలు. క్లూసన్ కంపెనీ ప్లాస్టిక్ గుండీ మెడ దగ్గర ఒక ఉంగరం ఉంటే 50లది, రెండు ఉంగరాలుంటే 1960లో మొదలైనది. ఇవీ మార్చుకోదగ్గవే.
సీరియల్. హెడ్‌స్టాక్ (గిటార్ తల) వెనక సిరాతో కొట్టిన ముద్ర. మొదటి అంకె ఏడాది, 9 అంటే 1959, 0 అంటే 1960. చెక్కలోకి అచ్చు దిగేలా నొక్కడం 1961 నుంచే. సిరా అంటే గీకితే పోతుంది, పాలిష్ మార్చితే పోతుంది, కొత్తది కొట్టడమూ కష్టం కాదు.

క్లాప్టన్ గిటార్ 59దా, 60దా అని ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. ఏ ఏడాదో ఒప్పుకోని వస్తువుకి ఏడాది గుర్తులతో గుర్తింపు పరేడ్ పెడితే ఏం తేలుతుంది?

#3 | నైట్రోనాగు

రంగు చూసి చెప్పేవాళ్లని ముందే పక్కన కూర్చోబెట్టండి. బరస్ట్‌లో ఎర్ర రంగు ఎండకి వెలిసిపోతుంది. షాపు అద్దాల్లో కొన్నేళ్లు వేలాడిందైతే అంచుల ఎరుపు పోయి తేనెరంగుకి, నిమ్మరంగుకి దిగిపోతుంది. పెట్టెలో మూతేసి ఉంచింది చెర్రీలాగే మిగులుతుంది. 1966లో ఎర్రగా ఉన్నది ఇప్పుడు పసుపుగా ఉండొచ్చు. పసుపుగా ఉన్నది మళ్లీ ఎర్రగా మారిందంటే మాత్రం ఎవరో స్ప్రే గన్ పట్టారన్నమాట.

స్ప్రే పట్టిందీ లేనిదీ తెలియాలంటే చీకటి గదిలో 365 నానోమీటర్ల యూవీ టార్చ్ వేయండి. పాత నైట్రోసెల్యులోజ్ లక్కర్ పసుపుపచ్చగా మెరుస్తుంది. తర్వాత పూసిన లక్కర్ ఊదారంగులో చీకటిగా ఉండిపోతుంది. విరిగి అతికించిన హెడ్‌స్టాక్, పూడ్చిన రంధ్రం, అద్దకం వేసిన అంచు అన్నీ మచ్చల్లా బయటపడతాయి. లెస్ పాల్‌లో ముందు చూడాల్సింది హెడ్‌స్టాక్ వెనక, నట్ (తీగలు ఆనే చిన్న పట్టీ, నెక్ మొదట్లో ఉంటుంది) కిందుగా. ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా లోపల పెట్టే కడ్డీ) కోసం అక్కడే గాడి తవ్వారు, హెడ్‌స్టాక్ 17 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, కిందపడితే విరిగేది అక్కడే.

ఒక జాగ్రత్త. వెలుగు ఒకేలా మెరిసింది కదా అని పాస్ మార్కులు వేయొద్దు. మొత్తం గీకేసి కొత్తగా పూసినా కూడా అంతా ఒకేలా ఉంటుంది, కాకపోతే ఊదారంగులో.

#4 | కొయ్యపీచు

దొంగ మార్చలేనిది ఒక్కటే ఉంది, చెక్క. మనిషికి వేలిముద్ర ఎలాగో దీనికి పీచు అలాగ.

కానీ అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. లెస్ పాల్ మేపుల్ మీద కనిపించే పులిచారలు, అదే ఫ్లేమ్, అసలు గీతలు కావు. పీచు అలలు అలలుగా వంగి ఉండటం వల్ల వెలుతురు పడే దిక్కుని బట్టి మెరుస్తాయి. దీపం ఎడమ నుంచి కుడికి జరిపితే తెల్ల చార నల్లగా, నల్ల చార తెల్లగా మారుతుంది. రెండు ఫోటోల్లో చారలు సరిపోలేదని "కాదు" అనడం, సరిపోయాయని "ఔను" అనడం, రెండూ తొందరపాటే.

కదలనివి ఏమిటంటే: ఖనిజపు గీతలు (చెక్కలో సన్నటి ముదురు చారికలు), కణుపులు, నిలువు పీచుగీతలు, నడి అతుకు దగ్గర రెండు పలకల గీతలు కలిసే కోణం. వెనకవైపు ఒకే పలక మహోగని కాబట్టి అక్కడి రంధ్రాల గీతలు ఇంకా నమ్మదగ్గవి. బాధేంటంటే వేదికమీద గిటారిస్టు వెనకవైపుని ఎవరూ ఫోటో తీయరు, అది పొట్టకి ఆని ఉంటుంది.

ఇది పనిచేస్తుందనడానికి కెనడా గిటారిస్టు రాండీ బాక్‌మన్ గ్రెచ్ గిటార్ కేసు చాలు. 1957 నాటి నారింజరంగు 6120 మోడల్. 1976లో టొరంటో హోటల్లో పోయింది. 2020లో కెనడాలోని ఒక అభిమాని ముఖాలు పోల్చే ప్రోగ్రామ్‌ని చెక్కకి తగ్గట్టు మార్చి, ఇంటర్నెట్‌లో కనిపించిన నారింజ గ్రెచ్ ఫోటోలన్నీ జల్లెడ పట్టాడు. టోక్యోలో ఒక షాపు పాత ఫోటో సరిపోయింది. ఆ తర్వాత టకేషి అనే జపాన్ సంగీతకారుడు అదే గిటార్ వాయిస్తున్న వీడియో దొరికింది. అక్కడ పట్టించింది చెక్కలోని చిన్న కణుపు.

#5 | బాసుబాబు

బాక్‌మన్ పేరెత్తారు కాబట్టి ఒక పిడకల వేట: ఆయన హోటల్ గదుల్లో ఆ గిటార్‌ని గొలుసుతో టాయిలెట్‌కి కట్టేసి తాళం వేసేవాడట. పోయింది మాత్రం హోటల్ ఖాళీ చేసే హడావుడిలో, గొలుసు విప్పాక.

#6 | ఆరుతీగలు

కొయ్యపీచు గారూ, సాఫ్ట్‌వేర్ లేకుండా మామూలు ఫోటో ఎడిటర్‌తో ఈ పోలిక చేయడం కుదురుతుందా? మెట్టుమెట్టుగా చెప్తారా?

#7 | కొయ్యపీచు

కుదురుతుంది. ఓపిక కావాలి, అంతే.

1. పాత ఫోటో దొరికినంతలో మంచి స్కాన్ తీసుకోండి. ఇంటర్నెట్‌లో పదిచోట్ల తిరిగిన చిన్న కాపీలో పీచుగీతలు కరిగిపోయి ఉంటాయి, వాటి స్థానంలో కనిపించేవి కుదింపు మచ్చలు.

2. ఫోటో తిరగబడిందేమో చూడండి. నెగటివ్ కుడిఎడమలు తారుమారై ప్రింటవడం ఆ కాలంలో మామూలే. లెస్ పాల్‌లో పికప్ (తీగ కదలికని కరెంటుగా మార్చే భాగం) స్విచ్ లావు తీగ వైపు భుజం మీద, నాబ్‌లు నాలుగూ సన్న తీగ వైపు కింద ఉండాలి. హెడ్‌స్టాక్ మీద అక్షరాలు కనబడితే ఇంకా మంచిది.

3. నాలుగు స్థిరబిందువులు పెట్టుకోండి: బ్రిడ్జ్ (తీగలు ఆనే మెట్టు) కాళ్లు రెండు, స్టాప్ టెయిల్‌పీస్ (తీగల కొసలు పట్టి ఉంచే కడ్డీ) కాళ్లు రెండు. మొదటి జంట మధ్య సుమారు 74 మిల్లీమీటర్లు, రెండో జంట మధ్య సుమారు 82. కొత్త ఫోటోని పర్‌స్పెక్టివ్ టూల్‌తో లాగి ఈ నాలుగూ పాత ఫోటోలోని నాలుగింటి మీద కూర్చోబెట్టండి.

4. లెస్ పాల్ పైభాగం బల్లపరుపు కాదు, నడుమ ఉబ్బి అంచులకి జారుతుంది. నాలుగు బిందువులతో సరిచేసినా అంచుల దగ్గర తేడా వస్తుంది. కాబట్టి బ్రిడ్జ్ చుట్టుపక్కల, పికప్‌ల మధ్య ఉన్న భాగాన్నే నమ్మండి. అంచున నాలుగు మిల్లీమీటర్లు పక్కకి పోయిందని గుండె జారిపోనక్కర్లేదు.

5. పాత ఫోటోలో ఎనిమిదో పదో గుర్తులు ముందే చుట్టి పెట్టుకోండి, కొత్తది తెరవకముందే. రెండూ పక్కపక్కన పెట్టుకుని వెతికితే కళ్లు కోరుకున్నదే చూస్తాయి.

6. అదే పాత ఫోటోని సంబంధం లేని మరో ఐదు బరస్ట్‌లతో కూడా పోల్చండి. అవి కూడా "సరిపోతుంటే" మీ గుర్తులు పనికిమాలినవని అర్థం. ఈ ఆరో మెట్టు ఎక్కేవాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరు.

గోల్డ్‌టాప్‌కి ఇదేదీ పనిచేయదు. బంగారు పెయింట్ కింద మేపుల్ కనిపించదు. బాక్‌మన్ గ్రెచ్ దొరికిందంటే ఆ నారింజ పాలిష్ పారదర్శకం కావడమే కారణం.

#8 | బాసుబాబు

రెండో మెట్టు గురించి నొక్కి చెప్తున్నా. బీటిల్స్ బ్యాండ్ పాల్ మెకార్ట్నీ ఎడమచేతివాటం. తిరగబడిన ఫోటోలో ఆయన కుడిచేతివాటం అయిపోతాడు కాబట్టి వెంటనే దొరికిపోతుంది. క్లాప్టన్ లాంటివాళ్ల విషయంలో పాత పత్రికల ప్రింట్లు ఎన్నిసార్లు మోసం చేశాయో.

ఇంకో పాఠం కూడా ఆయన పోగొట్టుకున్న హాఫ్నర్ బాస్ గిటార్ నుంచే ఉంది. 1961లో హాంబర్గ్‌లో కొన్న 500/1 మోడల్. అందరి కళ్లలో మెదిలేది లివర్‌పూల్ కావెర్న్ క్లబ్‌లో వాయించిన రోజుల రూపం. కానీ 1964లో దాన్ని బాగుచేయించినప్పుడు రంగు మళ్లీ వేశారు, రెండు పికప్‌లనీ ఒకే చట్రంలో బిగించారు. పోయింది ఆ తర్వాతి రూపంతో. 61 నాటి ఫోటో చేతిలో పట్టుకుని వెతికితే అసలుదే ఎదురుగా వచ్చినా "ఇది కాదులే" అని పక్కన పెడతాం.

తేదీ విషయంలోనూ అంతే. 1969 జనవరిలో పోయిందని ఏళ్ల తరబడి నమ్మారు. హాఫ్నర్‌లో పనిచేసిన నిక్ వాస్, మరో ఇద్దరు జర్నలిస్టులు 2023 సెప్టెంబరులో వెతుకులాటని బహిరంగంగా ప్రకటించాక మెకార్ట్నీ తర్వాతి బ్యాండ్ వింగ్స్ పాత సౌండ్ మనిషి ముందుకొచ్చి, 1972 అక్టోబరు 10 రాత్రి నాటింగ్ హిల్‌లో వ్యాన్ వెనకనుంచి పోయిందని చెప్పాడు. మూడేళ్లు తప్పు, చోటు తప్పు. అది సరిపడగానే దారి తెరుచుకుంది: దొంగ దాన్ని దగ్గర్లోని పబ్ యజమానికి అమ్మేశాడు, అక్కడినుంచి కుటుంబంలోనే చేతులు మారి, ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఒక ఇంటి అటక ఎక్కింది. 2024 ఫిబ్రవరిలో తిరిగొచ్చిందని ప్రకటించారు, డిసెంబరులో లండన్ ఓ2 వేదికమీద మెకార్ట్నీ దాన్ని వాయించాడు.

పబ్, అటక. అంతర్జాతీయ ముఠాలు, రహస్య కోటీశ్వరులు ఎవరూ లేరు.

#9 | టంకంబావ

లోపలికి కూడా చూడండి సార్. వెనక మూత నాలుగు స్క్రూలు విప్పితే 500కె పాట్‌లు (నాబ్ కింద తిరిగే రెసిస్టర్లు) నాలుగు, 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు (నల్లటి ఒంటిమీద రంగు చారల 'బంబుల్‌బీ') ఉండాలి. పాట్ వీపున అంకెలుంటాయి. ఉదాహరణకి 1345932 అంటే, 134 సెంట్రాలాబ్ కంపెనీ, 59 ఏడాది, 32 వారం. స్టాక్‌పోల్ అయితే 304, సీటీఎస్ అయితే 137. గుర్తుంచుకోవాల్సింది, ఆ తేదీ పాట్ తయారైన తేదీ. ఫ్యాక్టరీ అరలో నెలలు పడి ఉండొచ్చు. "అంతకంటే ముందు తయారుకాలేదు" అన్నంతవరకే అది చెప్పగలదు.

టంకం ఎవరూ ముట్టనిదైతే మసకబారిన బూడిదరంగులో, పాత ఫ్లక్స్ ముదురు గోధుమరంగులో గట్టిపడి ఉంటుంది. తళతళలాడుతుంటే ఎవరో చేయి పెట్టారు. చేయి పెట్టడం తప్పు కాదు, అరవై ఏళ్లలో పాట్‌లు అరగవా? కాకపోతే "లోపలంతా ఒరిజినలే" అని చెప్పుకునేవాడికి అది చిక్కు ప్రశ్న.

పికప్ కింద 'పేటెంట్ అప్లైడ్ ఫర్' కాగితం చూసి మురిసిపోకండి. ఆ స్టిక్కర్లు విడిగా దొరుకుతాయి.

ట్యూనర్ రంధ్రాలు మాత్రం అబద్ధం చెప్పవు. క్లూసన్ బుషింగ్‌కి సుమారు 8.7 మి.మీ. రంధ్రం. గ్రోవర్ రోటోమాటిక్ (ఇంకో కంపెనీ ట్యూనర్) పెట్టాలంటే 10 మి.మీ.కి పెద్దది చేయాలి. ఒకసారి పెద్దదైన రంధ్రం మళ్లీ చిన్నది కాదు, పూడిస్తే యూవీలో కనిపిస్తుంది. కాబట్టి పోయేనాటికి ఏ ట్యూనర్లు ఉన్నాయో ఫోటోలో తేలితే, తెచ్చినవాడి గిటార్‌ని ఈ ఒక్క కొలతతో తోసిపుచ్చవచ్చు.

#10 | పాతసరుకు

సీరియల్‌ని మరీ అంత తీసిపారేయకండి, నేనే మొదలుపెట్టాను గానీ. మరో బీటిల్ జాన్ లెనన్ గిటార్, గిబ్సన్ జె-160ఇ సంగతి చూడండి. 1962 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో లెనన్, తోటి బీటిల్ జార్జ్ హారిసన్ చెరొకటి జంటగా కొన్నారు. లెనన్‌ది 1963 డిసెంబరులో లండన్ ఫిన్స్‌బరీ పార్క్ క్రిస్మస్ షోలప్పుడు పోయింది. 60ల చివర్లో కాలిఫోర్నియాలో ఒకాయన 175 డాలర్లకి కొనుక్కుని దశాబ్దాల పాటు ఇంట్లో వాయించుకున్నాడు. చివరికి సీరియల్ 73157 కాగితాలతో సరిపోయింది, చెక్క గీతలు పాత ఫోటోలతో సరిపోయాయి. 2015 నవంబరు వేలంలో 24 లక్షల డాలర్ల పైన పలికింది.

కాగితం, చెక్క రెండూ ఒకే మాట చెప్పినప్పుడే అంత ధర. ఒక్కటే చెబితే సగం మంది కొనుగోలుదారులు లేచి వెళ్లిపోతారు.

#11 | గళ్లచొక్కా

బీనోకి అడ్డుపడేది ఇంకొకటుంది, తప్పుడు ఫోటోలు. దొంగతనం తర్వాత క్లాప్టన్ ఆండీ సమర్స్ దగ్గర (తర్వాత 'పోలీస్' బ్యాండ్ గిటారిస్టు) మరో లెస్ పాల్ కొన్నాడు. కాబట్టి 1966 ద్వితీయార్ధంలో క్రీమ్ ఫోటోల్లో సన్‌బరస్ట్ కనిపించిందని "బీనో చారలు ఇవిగో" అని గీతలు గీస్తే అది వేరే గిటార్ జాతకం. పోలికకి పనికొచ్చేవి మేయాల్‌తో ఉన్న కాలం నాటివి, తేదీ రూఢి అయినవి మాత్రమే.

#12 | ఆరుతీగలు

అమ్మో, ఇది నాకు తట్టలేదు. నా ఫోల్డర్‌లో సగం ఫోటోలు ఎగిరిపోయినట్టే.

#13 | లాపాయింటు

గుర్తించాక ఏమవుతుందో కూడా చూద్దాం, ఎందుకంటే ఆ కలెక్టర్ (ఉంటే) నోరు విప్పకపోవడానికి కారణం అక్కడే ఉండొచ్చు.

దొంగ దగ్గర కొన్నవాడికి హక్కు రాదన్నది ఇంగ్లిష్ చట్టంలో మూలసూత్రం. కానీ గడువు చట్టం వేరు. ఇప్పటి 1980 చట్టం ప్రకారం దొంగ మీద గడువు లెక్క నడవదు, ఎవరైనా మంచినమ్మకంతో కొన్నాక ఆరేళ్లు. 1966లో ఉన్నది మాత్రం 1939 చట్టం. దాని కింద వస్తువు పోయిన రోజునుంచి ఆరేళ్లు గడిస్తే యజమాని హక్కే రద్దు. దొంగ ఎవరో తెలియకపోయినా సరే, దొంగిలించిన కారు ఒకదాని కేసులో కోర్టు అలాగే చెప్పింది. ఆ లెక్కన బీనో 1972 దాకా ఇంగ్లండ్‌లోనే ఉండి ఉంటే వాదన క్లాప్టన్‌కి గట్టిగా ఉండదు.

అదే న్యూయార్క్‌లో ఉంటే కథ మారుతుంది. అక్కడ అసలు యజమాని "ఇచ్చెయ్" అని అడిగి, పట్టుకున్నవాడు కాదన్నాకే మూడేళ్ల గడువు మొదలు. 1991లో గుగెన్‌హైమ్ మ్యూజియం షగాల్ చిత్రం కేసులో దాన్ని మళ్లీ ఖాయం చేశారు. ఎప్పుడు ఏ దేశంలో చేతులు మారిందన్నదాన్ని బట్టి ఏ చట్టమో తేలుతుంది. ఇక దొంగతనానికి బీమా కంపెనీ ఏదైనా డబ్బు కట్టి ఉంటే ఆ మేరకు హక్కు వాళ్లదవుతుంది, అది మరో చిక్కు.

#14 | గళ్లచొక్కా

బాక్‌మన్ మరి తన గిటార్‌కి బదులు గిటార్ ఎందుకిచ్చినట్టు లా గారూ? దొంగ సొత్తే కదా.

#15 | లాపాయింటు

జపాన్ సివిల్ కోడ్ 192 నుంచి 194 వరకు చదవండి. మంచినమ్మకంతో కొన్నవాడికి హక్కు వస్తుంది. దొంగసొత్తు అయితే పోయిన రోజునుంచి రెండేళ్లలోపే వెనక్కి అడగాలి, అదీ షాపులో కొన్నదైతే ఆయన పెట్టిన డబ్బు చెల్లించి. 1976 ఎక్కడ, 2020 ఎక్కడ? అందుకే బాక్‌మన్ అదే ఏడాది, అదే మోడల్ గ్రెచ్ ఇంకోటి వెతికి పట్టుకుని, 2022 జులై 1న టోక్యోలోని కెనడా రాయబార కార్యాలయంలో మార్చుకున్నాడు. మర్యాద ఒకటే కాదు, అంతకుమించి దారి కూడా లేదు.

హారిసన్ ఎర్ర లెస్ పాల్ 'లూసీ' కూడా అంతే. 1973లో బెవర్లీ హిల్స్ ఇంట్లోంచి పోయి, షాపు ద్వారా మెక్సికో సంగీతకారుడి చేతికి చేరింది. 1958 లెస్ పాల్ ఒకటి, ఫెండర్ ప్రెసిషన్ బాస్ ఒకటి ఇచ్చి వెనక్కి తెచ్చుకున్నాడు.

#16 | నైట్రోనాగు

ఎల్లలు దాటించేటప్పుడు ఇంకో మెలిక. ఆ కాలం లెస్ పాల్ ఫింగర్‌బోర్డు బ్రెజిలియన్ రోజ్‌వుడ్, 1992 నుంచి సైటీస్ (అంతరించే జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది. సంగీత వాద్యాలకి 2019లో ఇచ్చిన సడలింపు మిగతా రోజ్‌వుడ్‌లకే, దీనికి కాదు. కాగితాలు లేకుండా అమెరికా నుంచి లండన్‌కి పంపితే కస్టమ్స్‌లో ఆగిపోతుంది. దొంగ గిటార్‌కి 1992 ముందటి కొనుగోలు కాగితం ఎవరు చూపిస్తారు?

#17 | మోడరేటర్

ఫలానా కలెక్టర్ దగ్గరుందంటూ పేర్లు రాసిన రెండు పోస్టులు తీసేశాను. ఆధారం లేకుండా ఎవరి పేరూ వద్దు. చెక్క గురించి ఎంతైనా రాసుకోండి.

#18 | కొయ్యపీచు

ఆరుతీగలు గారూ, ఫోల్డర్‌ని ఇలా విడగొట్టండి. ఒకదాంట్లో 1966 జులైకి ముందువని తేదీ రూఢి అయినవి. రెండోదాంట్లో తేదీ తెలియనివి. మూడోదాంట్లో క్రీమ్ కాలానివి, అవి సమర్స్ గిటార్‌ని గుర్తుపట్టి వేరు చేయడానికి. మొదటి ఫోల్డర్‌లో బ్రిడ్జ్, టెయిల్‌పీస్ కాళ్లు నాలుగూ కనిపించేవి ఎన్నున్నాయో లెక్కపెట్టి చెప్పండి. మూడు వస్తే మొదలుపెడదాం.

#19 | ఆరుతీగలు

రెండున్నాయి. రెండోదాంట్లో ఒక కాలు క్లాప్టన్ అరచేతి కింద ఉంది.

#20 | టంకంబావ

ఆ రెండోదాంట్లో హెడ్‌స్టాక్ కనబడుతుందా? ట్యూనర్ వెనక స్క్రూలు రెండుంటే క్లూసన్, ఒకటైతే గ్రోవర్. ముందు అది చూసి చెప్పండి, మిగతాది తర్వాత.